రక్తంతో స్నానం చేసిన దొరసాని: నిజమెంత, పుకారెంత?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఇన్‌కమ్ టాక్స్ ప్రశ్నలు, మొక్కల ప్రశ్నలు పక్కన పెట్టాల్సి వచ్చింది. ఏం వీడియో తిరుగుతోందో ఏమో, నాలుగు ఉత్తరాలు ఒకే మనిషి గురించి వచ్చాయి, అదీ నాలుగు వందల ఏళ్ల కింద పోయిన మనిషి గురించి. సరే, నాలుగూ ఒకేసారి తేల్చేద్దాం.

ప్రశ్న: మేడమ్, మా పీజీలో ఒక రూమ్‌కి నలుగురం. మొన్న రాత్రి కరెంటు పోతే మా రూమ్మేట్ ఎలిజబెత్ బాతోరీ అనే హంగేరీ దొరసాని కథ చెప్పింది. వయసు కనపడకూడదని 650 మంది అమ్మాయిలను చంపి వాళ్ల రక్తంతో స్నానం చేసేదట, చివరికి ఆవిడని బతికుండగానే గోడ కట్టి మూసేశారట. అప్పటినుంచి రాత్రిపూట బాత్రూంకి ఒక్కదాన్నే వెళ్లాలంటే టెన్షన్. ఇదంతా నిజమేనా? (ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు)

జవాబు: ముందు మీ బాత్రూం సంగతి. రక్తస్నానం అబద్ధం. ఆవిడ మీద జరిగిన విచారణలో మూడు వందల మందికి పైగా సాక్ష్యం చెప్పారు, వాళ్లలో ఒక్కరి నోటా ఆ మాట రాలేదు. ఆవిడ పోయింది 1614లో. రక్తస్నానం కథ మొదటిసారి అచ్చయింది 1729లో, లాస్లో తురోట్సి అనే జెస్యూట్ ఫాదర్ రాసిన పుస్తకంలో. అంటే మధ్యలో 115 ఏళ్లు. అసలు సాక్షుల వాంగ్మూలాలు 1817లో గానీ బయటికి రాలేదు, వచ్చాక చూస్తే అందులో స్నానం లేదు. కాబట్టి నిశ్చింతగా వెళ్లి స్నానం చేయండి, కావేరి నీళ్లు వచ్చే రోజైతే.

అయితే స్నానం అబద్ధం అన్నాను కదా అని మిగతాదంతా కొట్టిపారేయకండి.

బాతోరీ ఎర్జెబెత్ (హంగేరీవాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు, నాకెందుకో అది తెలిసినప్పుడు భలే సంతోషం వేసింది) 1560లో పుట్టింది. మేనమామ పోలండ్‌కి రాజు. పదేళ్లు దాటగానే సంబంధం ఖాయం, పదిహేను నిండకుండానే 1575లో పెళ్లి. మొగుడు ఫెరెన్స్ నాదాష్డీ, తురుష్కుల మీద యుద్ధాల్లో పేరు మోసిన వీరుడు. పెళ్లికానుకగా ఆయన ఇచ్చిందే ఛెయ్‌టె కోట, ఇప్పుడు స్లొవేకియాలో ఉంది, శిథిలాలు చూడ్డానికి జనం వెళ్తుంటారు. మొగుడు ఏడాదిలో సగం యుద్ధంలోనే, ఇల్లూ పొలాలూ ఊళ్లూ నౌకర్లూ అన్నీ ఈవిడ చేతి కింద. 1604లో ఆయన పోయాడు. అప్పటికి ఈవిడకి నలభై మూడేళ్లు.

ఇక సాక్ష్యాల్లో ఉన్నది ఏమిటి? కుట్టుపని సరిగ్గా చేయలేదని కొట్టడం, గోళ్ల కింద సూదులు గుచ్చడం, కాలిన ఇనుముతో వాతలు పెట్టడం, చలికాలంలో బట్టల్లేకుండా బయట నిలబెట్టి చన్నీళ్లు పోయడం, తిండి పెట్టకపోవడం. చదువుతుంటే ఇందులో మాయలూ మంత్రాలూ ఎక్కడా కనపడవు. ఒక పెద్దింటి యజమానురాలు, ఆవిడ మాట జవదాటని ఇద్దరు ముగ్గురు పెద్ద పనిమనుషులు, ఊరి నుంచి పనికి వచ్చిన పదేళ్లు, పద్నాలుగేళ్ల ఆడపిల్లలు. అంతే. తెలంగాణ గడీల కథలు ఇంట్లో విన్నవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. దొర కూతురిని అత్తారింటికి పంపేటప్పుడు సామానుతో పాటు ఆడబాప అని ఒక పిల్లని కూడా పంపేవాళ్లు, ఆ పిల్ల ఏమైందని తర్వాత అడిగే నాథుడు ఉండేవాడు కాదు. హంగేరీలో కూడా 1514లో రైతుల తిరుగుబాటు అణిచేశాక వాళ్లని శాశ్వతంగా దొర భూమికే కట్టేస్తూ చట్టం చేశారు. తన ఊళ్లలో తీర్పు చెప్పేదీ దొరే. ఇక ఫిర్యాదు ఎవరికి ఇస్తారు?

ఇష్త్వాన్ మద్యరి అనే లూథరన్ పాస్టర్ ఒకాయన 1602 ప్రాంతం నుంచే ఈ దారుణాల గురించి గొడవ చేశాడు, చర్చిలోనే గట్టిగా మాట్లాడాడు. ఎవరూ కదల్లేదు. కదిలింది ఎప్పుడంటే, మర్యాదలు నేర్చుకోడానికి ఆవిడ దగ్గరికి పంపిన చిన్న జమీందార్ల ఆడపిల్లలు కూడా చనిపోతున్నారని మాట వచ్చాక. 1610లో రాజు మథియాస్ విచారణకు ఆదేశించాడు. పనిపిల్లలు పోయినన్నాళ్లూ అది ఇంటి వ్యవహారం, గొప్పింటి పిల్లలు పోయాక నేరం. నాకు ఈ కథలో వణుకు పుట్టించేది ఇదే గానీ రక్తపు తొట్టి కాదు.

ఇప్పుడు 650 లెక్క. ఆవిడతో కలిసి నేరం చేశారని పట్టుబడ్డ పనివాళ్లు చెప్పిన లెక్క ముప్పై ఆరు నుంచి యాభై దాకా. నాదాష్డీ వాళ్ల ఇంకో కోట సార్వార్‌లో పనిచేసినవాళ్లు వంద అన్నారు, రెండు వందలన్నారు. మరి 650 ఎక్కడిది? జూజన్న అనే ఒకమ్మాయి, కోట అధికారి యాకబ్ సిల్వాషీ ఒక పెట్టెలో ఆ లెక్క రాసి ఉన్న కాగితం చూశాడట అని చెప్పింది. ఆ కాగితం దొరకలేదు. అదే సిల్వాషీని పిలిచి సాక్ష్యం అడిగితే దాని ఊసే ఎత్తలేదు. ఒకళ్లు చూశారట అని ఇంకొకళ్లు చెప్పిన మాట, నాలుగు శతాబ్దాలు తిరిగి మీ పీజీ దాకా వచ్చింది.

ఇదెలా జరుగుతుందో నాకు బాగా తెలుసు. తొంభైల్లో మేము యశ్వంతపుర దగ్గర అద్దెకి ఉన్నప్పుడు, రాత్రిళ్లు ఒక దయ్యం తలుపు కొట్టి మనకి తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుందని, తలుపు తీస్తే అంతేనని ఊరంతా ఒకటే గోల. అందుకని ప్రతి ఇంటి తలుపు మీదా కన్నడలో 'నాళె బా' అని రాశారు, అంటే రేపు రా అని. అది రోజూ చదువుకుని రోజూ వెనక్కి వెళ్లిపోతుందన్నమాట, చదువుకున్న దయ్యం! మా ఊరికి ఫోన్ చేస్తే అక్కడ కూడా గోడల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాస్తున్నామన్నారు. మా వీధిలో దాన్ని చూసినవాళ్లు ఒక్కరు లేరు, చూసినవాళ్లు తెలుసన్నవాళ్లు మాత్రం ఇంటికొకరు. మా అమ్మ నమ్మదు, అయినా సుద్దముక్కతో తలుపు మీద రాసింది.

ప్రశ్న: బాతోరీ నిర్దోషి అనీ, రాజు ఆమెకి ఇవ్వాల్సిన అప్పు ఎగ్గొట్టడానికే కేసు పెట్టించాడనీ చదివాను. ఆస్తి ఉన్న వితంతువుని ఇరికించడం మన దగ్గరా చూస్తున్నదే కదా. మీ అభిప్రాయం? (రిటైర్డ్ బ్యాంక్ ఉద్యోగి, జయనగర్, బెంగళూరు)

జవాబు: బ్యాంకులో పనిచేసినవారికి అప్పు కోణం ముందు కనపడటం సహజం సార్. అప్పు ఉన్నమాట నిజమే. నాదాష్డీ కుటుంబానికి రాజు పెద్ద మొత్తం బాకీ, ఈవిడ్ని కోటలో బందీగా పెట్టాక ఆ బాకీ మాఫీ అయిపోయింది. ఇంకా ఉంది. ఆవిడ దగ్గరి బంధువు గాబోర్ బాతోరీ ట్రాన్సిల్వేనియా ప్రభువు, మథియాస్ వంశమైన హబ్స్‌బర్గ్ రాజులకి పక్కలో బల్లెం. రాజు కాథలిక్, ఈవిడ ప్రొటెస్టంట్. కోర్టులో ఈవిడని ఒక్కసారి కూడా నిలబెట్టలేదు, తన మాట చెప్పుకునే అవకాశమే ఇవ్వలేదు. పట్టుకున్నది 1610 డిసెంబర్ ఆఖర్లో, జనవరి 7 కల్లా బిట్చా అనే ఊళ్లో ఆవిడ పనివాళ్ల విచారణ, శిక్ష అన్నీ పూర్తి. దొర్కో, ఇలోనా యో అనే ఇద్దరు ఆడవాళ్ల వేళ్లు పీకి తగలబెట్టారు, ఫిత్స్కో అనే కుర్రాడి తల నరికారు. కతాలిన్ అనే నాలుగో ఆవిడ, పాపం మిగతావాళ్లు చెప్తే చేసిందని, జైలుతో బయటపడింది. చిత్రహింసలు పెట్టి రాబట్టిన ఒప్పుకోలుకి విలువెంతో మీకు తెలుసు.

ఇంతవరకు మీ వైపే. కానీ లెక్క పూర్తిగా మీ వైపు తేలదు. పాస్టర్ గొడవ మొదలుపెట్టింది మొగుడు బతికుండగానే, అప్పటికి ఆవిడ వితంతువూ కాదు, ఆస్తి మీద కన్నూ లేదు. పైగా ఆవిడకి మరణశిక్ష పడాలని అడిగింది రాజు, అడ్డుపడింది విచారణ చేసిన తుర్జో. ఈ తుర్జో ఎవరంటే రాజ్యంలో రాజు తర్వాత అంతటివాడు, నాదాష్డీ చనిపోయే ముందు భార్యాపిల్లల్ని అప్పగించి వెళ్లిన స్నేహితుడు కూడా. కోర్టులో నేరం రుజువైతే ఆస్తి రాజుకి పోతుంది, వంశం పరువు పోతుంది. అందుకని కొడుకు, అల్లుళ్లతో మాట్లాడుకుని ఆవిడ్ని గుట్టుగా కోటలో పెట్టేశారు. ఆస్తి పిల్లలకే దక్కింది. అంటే రాజు ఆశించిందంతా రాజుకి దక్కలేదు.

నాకైతే రాజుకి దురుద్దేశం ఉండటం, ఆవిడ చేతులు శుభ్రంగా లేకపోవడం రెండూ ఒకేసారి నిజమే అనిపిస్తుంది. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాలని ఎక్కడుంది? నిర్దోషి అనేవాళ్లతో నాకున్న పేచీ వేరే. దొరసానికి జరిగిన అన్యాయం గురించి పేజీలు పేజీలు రాస్తారు, చనిపోయిన పిల్లల గురించి జ్వరాలో అంటువ్యాధులో అని ఒక్క లైన్‌లో దాటేస్తారు.

గోడ కట్టి పూడ్చేశారన్నది కూడా అతిశయోక్తే. పాస్టర్లు కోటకి వెళ్లి ఆవిడతో మాట్లాడి వచ్చినట్టు కాగితాలున్నాయి. 1614 ఆగస్టులో ఒక రాత్రి కాపలావాడితో చేతులు చల్లబడుతున్నాయి అందట, ఏం కాదు పడుకోండమ్మా అన్నాడట అతను. తెల్లారేసరికి పోయింది. యాభై నాలుగేళ్లు.

ప్రశ్న: డ్రాక్యులా పాత్రకి అసలు మూలం ఈవిడేనని మా ఫ్రెండ్ బిర్యానీ పందెం కాశాడు. ఎవరు గెలిచారు అక్కా? (ఇంజినీరింగ్ విద్యార్థి, ఎలక్ట్రానిక్ సిటీ)

జవాబు: బిర్యానీ నీదే తమ్ముడూ. బ్రామ్ స్టోకర్ ఆ నవల అచ్చేసింది 1897లో. ఆయన రాసుకున్న నోట్సు ఇప్పటికీ ఉన్నాయి, అందులో బాతోరీ పేరు లేదు. ఆయన చదివిన పుస్తకాల్లో ఒకదాంట్లో ఈవిడ కథ ఉన్నమాట నిజం కాబట్టి మీ ఫ్రెండ్‌కి రైతా ఇవ్వొచ్చు. ఇంకో చిన్న చుట్టరికం కూడా ఉంది. డ్రాక్యులా అనే పేరు అసలు ఎవరిదో ఆ వ్లాద్ (ఇప్పటి రుమేనియాలో ఉన్న వలాకియాకి ప్రభువు) 1476లో మళ్లీ గద్దెక్కడానికి సైన్యంతో సాయం చేసింది ఒక బాతోరీయే, ఈవిడ వంశంవాడే. అంతకుమించి ఏం లేదు.

రక్తం సంగతి ఎలా అంటుకుందో చెప్తాను, ఇది నాకు సరదాగా అనిపించిన విషయం. 1725లో సెర్బియా పల్లెల్లో ఒక చచ్చిన మనిషి లేచి వచ్చి జనాన్ని చంపుతున్నాడని గొడవ లేచింది, 1732లో ఇంకో పల్లెలో ఇంకా పెద్ద గొడవ. మొదటిసారి హబ్స్‌బర్గ్ అధికారి, రెండోసారి సైన్యం డాక్టర్లే సమాధులు తవ్వించి చూసి రిపోర్టులు రాశారు. శవం ఉబ్బి ఉంది, నోటి దగ్గర రక్తం ఉంది అని. పాడైపోతున్న శవం అలాగే ఉంటుందని వాళ్లకి తట్టలేదు. ఆ రిపోర్టులు యూరప్ పేపర్లన్నిట్లో వచ్చి వాంపైర్ అనే మాట ఊరూరా పాకింది. చివరికి 1755లో మరియా థెరీసా మహారాణి తన సొంత డాక్టర్‌ని పురమాయించి, ఇదంతా మూఢనమ్మకమని తేల్చాక శవాలు తవ్వడం మాన్పించింది. తురోట్సి పుస్తకం వచ్చిన 1729 ఈ రెండు గొడవల మధ్యనే పడుతుంది. అందువల్లే రాశాడని అనను, కానీ అలాంటి కథ చెవిన వేసుకోడానికి జనం సిద్ధంగా ఉన్న రోజులవి. పిల్లని వాత పెట్టి చంపిందంటే నాలుగు రోజుల్లో మర్చిపోతారు, రక్తం తాగిందంటే నీలాంటివాళ్లు బిర్యానీ పందేలు కాస్తారు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో ఏటా పిల్లలు హాలోవీన్ చేస్తారు. ఎనిమిదో క్లాసు చదివే మా అమ్మాయి ఈసారి బాతోరీ వేషం వేస్తానంటోంది, మా అత్తగారు వద్దంటే వద్దంటున్నారు. ఏం చేయమంటారు? (ఒక తల్లి, వైట్‌ఫీల్డ్)

జవాబు: వేయనివ్వండి, పాత పట్టు లంగా, మెడచుట్టూ తెల్ల లేసు, ముత్యాల దండ చాలు. అత్తగారికి అది రాణి వేషం అని చెప్పండి, పెద్ద అబద్ధమేం కాదు. ఎర్రరంగు నీళ్ల గిన్నె మాత్రం చేతికివ్వకండి. లిఫ్ట్ దగ్గర ఒలికిస్తే పొద్దున్నే వచ్చి ఆ మరకలు తోమేది పనమ్మాయే.