మెనూ రాలేదని మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యకు

చిన్నా,

విండోస్ పక్కన ఉబుంటు, ఫెడోరా అనే రెండు లినక్స్‌లూ పెడతానన్నావు, పెట్టు. కానీ ఏదో ఒక రోజు మెషీన్ ఆన్ చేస్తే ఏ సిస్టమ్ కావాలో అడిగే గ్రబ్ మెనూ రాకుండా నేరుగా విండోస్ వచ్చేస్తుంది చూడు, ఆ రోజు టెన్షన్ పడి అన్నీ చెరిపేస్తావేమోనని ఇప్పుడే రాస్తున్నా. మెనూ పోతే లినక్స్ పోయినట్టు కాదు, నీ ఫైళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి.

యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి మెషీన్లలో బూట్ లోడర్లన్నీ (సిస్టమ్‌ని లేపే చిన్న ప్రోగ్రాములు, గ్రబ్ అలాంటిదే) ఈఎస్‌పీ అనే చిన్న పార్టిషన్‌లో, దేని ఫోల్డర్‌లో అది ఉంటాయి. ముందు దేన్ని లేపాలన్న వరస మాత్రం మదర్‌బోర్డు దగ్గర ఉంటుంది. విండోస్ అప్‌డేట్ తర్వాత చాలాసార్లు మారేది ఆ వరసే, కాబట్టి మదర్‌బోర్డు సెటప్‌లోకి వెళ్ళి బూట్ ఆర్డర్‌లో ఉబుంటుని పైకి తెస్తే చాలు. పాత బయోస్ పద్ధతిలో అయితే డిస్క్ మొదటి 512 బైట్లలో (దీన్నే ఎంబీఆర్ అంటారు) బూట్ కోడ్‌కి ఉన్న చోటు 446 బైట్లే, ఎవరు చివర వస్తే వాళ్ళు ముందువాళ్ళని తుడిచేసేవాళ్ళు. విండోస్ ముందు, లినక్స్ తర్వాత అనే మాట అక్కణ్ణుంచి వచ్చిందే.

రెండు లినక్స్‌లు పెట్టినప్పుడే అసలు తలనొప్పి. రెండిటికీ సొంత గ్రబ్ ఉంటుంది, ఒకదానికే పెత్తనం ఇవ్వు. ఉబుంటు మెనూ వాడుతుంటే, ఫెడోరాలో కొత్త కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) వచ్చిన సంగతి దానికి తెలియదు, ఉబుంటులోకి వచ్చి అప్‌డేట్-గ్రబ్ అనే కమాండ్ నడపాలి. పైగా 2021లో వచ్చిన 2.06 నుంచి గ్రబ్ పక్క సిస్టమ్‌లని వెతకడం డిఫాల్ట్‌గా ఆపేసింది, డిఫాల్ట్ ఫోల్డర్‌లోని గ్రబ్ ఫైల్ తెరిచి ఆ వెతికే ప్రోగ్రామ్ ఓఎస్-ప్రోబర్‌ని డిజేబుల్ చేసే లైన్‌కి ఫాల్స్ అని పెట్టాలి. మెనూ ఉండే సీఎఫ్‌జీ ఫైల్‌ని మాత్రం చేత్తో దిద్దకు, తర్వాతి అప్‌డేట్‌లో అది మళ్ళీ తయారై నీ మార్పులు పోతాయి. ఫెడోరా బదులు మింట్ అనే ఇంకో లినక్స్ పెట్టాలనిపిస్తే ఇంకా జాగ్రత్త, అది కూడా ఈఎస్‌పీలో ఉబుంటు అనే పేరున్న ఫోల్డరే వాడుతుంది, ఒకదాని మీద ఒకటి రాసుకుంటాయి.

ఒకసారి నేను పాత బయోస్ మెషీన్‌లో, విండోస్‌లో కూర్చుని లినక్స్ పార్టిషన్ తీసేశాను. రీస్టార్ట్ చేస్తే గ్రబ్ రెస్క్యూ అని నల్ల స్క్రీన్, మర్నాడు ఉదయానికి ఇవ్వాల్సిన పని అందులోనే ఉండిపోయింది. విండోస్ డిస్క్‌తో ఎంబీఆర్ సరిచేసేసరికి తెల్లారింది. లినక్స్ తీసేయాలంటే బూట్ ముందు విండోస్‌కి అప్పగించు, ఆ తర్వాతే పార్టిషన్ జోలికి వెళ్ళు.

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపెయ్యి, లేకపోతే అది పూర్తిగా షట్‌డౌన్ అవదు, లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో రాయడం కుదరదు. డ్రైవ్‌కి బిట్‌లాకర్ తాళం ఉంటే, బూట్ లోడర్ల సంతకం సరిచూసే సెక్యూర్ బూట్ సెట్టింగ్ ముట్టుకునే ముందే రికవరీ కీ కాగితం మీద రాసుకో.

ఇన్‌స్టాల్ మొదలుపెట్టే ముందే ఇన్‌స్టాల్ చెయ్యకుండానే లినక్స్ నడిచే లైవ్ యూఎస్‌బీ ఒకటి చేసి పక్కన పెట్టుకో. గ్రబ్ నిజంగానే పాడైతే దాంతో లేపి, నీ లినక్స్ పార్టిషన్‌ని మౌంట్ చేసి, సీహెచ్‌రూట్ అనే కమాండ్‌తో అందులోకి వెళ్ళి గ్రబ్-ఇన్‌స్టాల్ కొట్టాలి. అక్కడ ఎర్రర్ వస్తే ఏమీ చెరపకుండా ఆ స్క్రీన్ ఫొటో తీసి నాకు పంపు.

మీ మావయ్య