లెక్కలతో కెమిస్ట్రీ చేయాలంటే...

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ చదివి, ఇప్పుడు బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. ల్యాబ్ కన్నా లెక్కలంటేనే ఇష్టం. థియరిటికల్ కెమిస్ట్రీలో పరిశోధన చేయాలని ఉంది. ఇప్పటి నుంచే ఏం చేయాలి?
– ఓ విద్యార్థిని, ఆదోని

జవాబు: లెక్కల మీద ఇష్టం ఈ రంగంలో పెద్ద పెట్టుబడి. 1998లో కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్న ఇద్దరిలో జాన్ పోపుల్ 1951లో కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసింది గణితంలో. వాల్టర్ కోన్‌ది ఫిజిక్స్. పోపుల్ ఇంగ్లండ్‌లో ఓ చిన్న ఊరి బట్టల వ్యాపారి కొడుకు. 1964లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ చేరి, 1970లో తన బృందంతో ‘గాసియన్ 70’ ప్రోగ్రాం విడుదల చేశాడు. అణువు ఆకారం, శక్తి లెక్కగట్టే పని మామూలు కెమిస్టుల చేతికి వచ్చింది అక్కడి నుంచే.

మీరు ముందు మాట్రిక్సులు, ఐగెన్ వాల్యూలు, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు గట్టి చేసుకోండి. పక్కనే పైథాన్ ప్రోగ్రామింగ్. తర్వాత మామూలు ల్యాప్‌టాప్‌లో సై4 అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుని నీటి అణువుతో మొదలుపెట్టండి. అణువుల బొమ్మలు గీసే అవొగాడ్రో ప్రోగ్రాంలో బొమ్మ గీసి, చార్జి 0, మల్టిప్లిసిటీ (జతలేని ఎలక్ట్రాన్ల సంఖ్యకు ఒకటి కలిపితే వచ్చేది) 1 ఇచ్చి, హార్ట్రీ–ఫాక్ అనే లెక్క పద్ధతి, 6-31జీ* బేసిస్ సెట్‌తో (ఎలక్ట్రాన్లను వర్ణించే గణిత ఫంక్షన్ల సమితి) ఆప్టిమైజేషన్ (అతి తక్కువ శక్తి ఉన్న ఆకారం వెతకడం), వెంటనే ఫ్రీక్వెన్సీ (కంపనాల లెక్క) నడపండి. శక్తి సుమారు –76.01 హార్ట్రీ (ఈ లెక్కల్లో వాడే శక్తి యూనిట్) రావాలి. కంపనాలు మూడు వస్తాయి: సుమారు 1827, 4070, 4189 సెం.మీ⁻¹. ప్రయోగంలో కనబడేవి 1595, 3657, 3756. ఇంత తేడా చూసి మీ లెక్క తప్పిందనుకోకండి. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తప్పించుకు తిరగడాన్ని ఈ పద్ధతి సరిగా పట్టుకోదు, బంధాలు ఉన్నదానికన్నా బిగుతుగా కనిపిస్తాయి. అందుకే 0.89తో గుణిస్తారు. 4070 కాస్తా 3620 దగ్గరికి దిగుతుంది.

నిజమైన తప్పులు వేరే ఉన్నాయి. ఆక్సిజన్ అణువుకు మల్టిప్లిసిటీ 3 ఇవ్వాలి. అలవాటుగా 1 ఇస్తే ప్రోగ్రాం గొడవ చేయకుండా ఏదో శక్తి ఇచ్చేస్తుంది, అది గ్రౌండ్ స్టేట్‌ది (అతి తక్కువ శక్తి స్థితిది) కాదు. ఫ్రీక్వెన్సీల్లో ఒకటి మైనస్ గుర్తుతో వస్తే ఆ ఆకారం స్థిరమైనది కాదు. కాస్త కదిపి మళ్లీ ఆప్టిమైజ్ చేయాలి. రెండు అణువుల శక్తులను వేర్వేరు బేసిస్ సెట్లలో లెక్కించి పోల్చడం అన్నిటికన్నా ప్రమాదం. 1 హార్ట్రీ అంటే మోల్‌కు 627.5 కిలోకేలరీలు, మూడో దశాంశంలో తేడా వచ్చినా అర కిలోకేలరీ పైమాటే.

ఎం.ఎస్సీ.కి ఐఐటీల ప్రవేశ పరీక్ష జామ్ రాయండి. అది రాకపోయినా ఏమీ పోలేదు. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ, కడప యోగి వేమన విశ్వవిద్యాలయాల్లో కెమిస్ట్రీ ఉంది, రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీసెట్‌తో చేరవచ్చు. ప్రాజెక్టు మాత్రం పట్టుబట్టి కంప్యుటేషనల్ (కంప్యూటర్ లెక్కల) అంశంలోనే చేయండి. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో మాట్లాడటానికి అదే మీ చేతిలో ఉండే సరుకు.

ప్రశ్న: మా అబ్బాయి ఇదే రంగం అంటున్నాడు. చదువు ఎన్నాళ్లు? మధ్యలో సంపాదన ఉంటుందా?
– ఓ తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: ఎం.ఎస్సీ. రెండేళ్లు, పీహెచ్‌డీ ఐదేళ్లు అటూ ఇటూ, అధ్యాపకుడు కావాలంటే ఆపైన రెండు మూడేళ్లు పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన). సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000, ఇంటి అద్దె భత్యం అదనం. అంటే ఖర్చు మీ మీద పడేది ఎం.ఎస్సీ. దాకానే. అధ్యాపక పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. మందుల కంపెనీల్లో అణువుల డిజైన్ పని కూడా ఉంది కాబట్టి ప్రోగ్రామింగ్ వదలవద్దని చెప్పండి.