మైలోమా కేసులు అంతలా పెరిగాయా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మల్టిపుల్ మైలోమా అనే బ్లడ్ క్యాన్సర్ బాగా పెరిగిందట, అదీ డబ్బున్న దేశాల్లోనే ఎక్కువట, నిజమేనా?

జవాబు: పెరిగిన మాట నిజమేనండి, 1990 నుంచి 2016 లోపు ప్రపంచం మొత్తమ్మీద కొత్త కేసులు 126 శాతం పెరిగాయి, కానీ ఆ అంకె చూసి హడలిపోకండి, ఇది ఎక్కువగా 60 దాటాక వచ్చే జబ్బు, జనాభాతో పాటు పెద్దవయసు వాళ్లూ పెరిగారు కదా, అందుకే వయసు తేడా సరిచేసిన రేటు, అంటే లక్షమందిలో ఎంతమందికి వస్తోందన్నది చూడాలి, అదీ పెరిగింది గానీ మరీ అంత కాదు. ఆస్ట్రేలియా, ఉత్తర అమెరికా, పశ్చిమ యూరప్‌లో రేటు ఎక్కువే. కాకపోతే నడుంనొప్పి, రక్తహీనత అని వచ్చినవాళ్లకి ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ (రక్తంలోని ప్రోటీన్లను విడదీసి చూసే పరీక్ష) లాంటి టెస్టులు చేస్తేనే ఇది బయటపడేది, అవి అందని చోట చాలా కేసులు లెక్కలోకే రావు.