జిగురు జోలికి వెళ్లే ముందు

చిరంజీవి అమ్ములుకు తాతయ్య ఆశీస్సులు.

నీ టాబ్లెట్‌లో ఇయర్‌ఫోన్ పిన్ను విరిగి ఇరుక్కుపోయిందని, అగ్గిపుల్లకు ఫెవిక్విక్ రాసి దాన్ని నువ్వే లాగబోతున్నావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోనులో చెప్పింది. రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసి సంసారం నడిపినవాణ్ణి నేను. నా మనవరాలు ముందు తన చేతులనే నమ్ముకుందని విని ఎంతో సంతోషించాను. కానీ జిగురు అన్న మాట చెవిన పడ్డాక నాకు నిద్ర పట్టలేదు.

ముందు టాబ్లెట్‌ను స్విచాఫ్ చేసి, టార్చి వెలుగులో ముక్క ఎంత లోతున ఉందో చూడు. అంచు కాస్త బయటికి ఉంటే సన్న పట్టకారుతో తిన్నగా లాగితే చాలు. బోర్లించి తట్టినంత మాత్రాన అది రాలదు. 3.5 మిల్లీమీటర్ల ఆ పిన్నుకు కొన దగ్గర ఒక గాడి ఉంటుంది, సాకెట్‌లోని స్ప్రింగు రేకు ఆ గాడిలో దిగి కూర్చుంటుంది. పిన్ను పెట్టినప్పుడు టక్కుమనేది అదే. ముక్క లోపల ఉన్నంతకాలం ఇయర్‌ఫోన్ తగిలించి ఉందనే టాబ్లెట్ అనుకుంటుంది కనుక స్పీకరు పలకకపోవచ్చు, దానికి కంగారుపడకు.

మీ అమ్మ పదో తరగతి చదివే ఏడు, నల్లగొండలోని మన దుకాణానికి చూపు లేని ఒక డిగ్రీ విద్యార్థి చిన్న టేప్‌రికార్డరు పట్టుకొచ్చాడు. స్నేహితుడు చదివి రికార్డు చేసి ఇచ్చిన పాఠాలను, హాస్టల్లో ఎవరికీ నిద్రాభంగం కాకుండా, రాత్రిళ్లు ఇయర్‌ఫోన్‌తో వినేవాడు. వింటూ నిద్రపోయి ఒత్తిగిల్లినప్పుడు పిన్ను విరిగింది. పరీక్ష ఎల్లుండి. సాయంత్రం రమ్మని ఉంటే నిదానంగా విప్పి, సాకెట్ వెనుక నుంచి సూదితో నెట్టి తీసేవాణ్ణి. అతను బల్ల దగ్గర నిలబడి ఎదురుచూస్తున్నాడని తొందరపడి, పుల్లకు జిగురు రాసి లోపల పెట్టాను. ఒక్క బొట్టు ఎక్కువైంది. అది ముక్క పక్కనుంచి జారి స్ప్రింగు రేకును కూడా అతికించింది, నేను లాగితే ముక్కతోపాటు రేకూ ఊడి వచ్చింది. ఆ రోజుల్లో స్పీకరుకు వెళ్లే శబ్దం కూడా ఆ రేకు మీదుగానే వెళ్లేది, అందుకని స్పీకరు కూడా మూగబోయింది. తీగ వేసి స్పీకరును నేరుగా కలిపి ఇచ్చాను, కానీ ఇయర్‌ఫోన్ పెట్టే వీలు పోయింది. కోఠి నుంచి కొత్త సాకెట్ తెప్పించేలోగా అతని పరీక్షలు ముగిశాయి. ఆ రెండు రాత్రులూ అతను మేడ మీద చలిలో కూర్చుని, శబ్దం తగ్గించుకుని పాఠాలు విన్నాడని తరువాత తెలిసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ పెట్టెలో తీగ వేయడానికైనా చోటుంది, నీ టాబ్లెట్‌లో అదీ లేదు. కాబట్టి జిగురు వద్దు, కాల్చిన సూది గుచ్చడం అసలే వద్దు. విరిగినచోట మధ్యలో సన్నని మొలక మిగిలి ఉంటే, దాని మీద బిగుతుగా ఎక్కే ఖాళీ బాల్‌పెన్ రీఫిల్‌ను మెల్లగా ఎక్కించి, తిప్పకుండా లాగు. రెండు ప్రయత్నాలకు రాకపోతే ఆపెయ్యి, మూడోసారి నెట్టావంటే ముక్క ఇంకా లోపలికి పోతుంది.

తెర ఊడదీసే సాహసం మాత్రం చేయకు తల్లీ. చాలా టాబ్లెట్ల తెరలు జిగురుతో అతికించి ఉంటాయి, కిందనే లిథియం బ్యాటరీ ఉంటుంది. పనిముట్టు మొన గుచ్చుకుంటే అది మంటలు లేపగలదు. పదిహేనేళ్లు నేను చేతులు కాల్చుకున్నది చాలు, నీ వేళ్లకు ఆ మచ్చలు పడకూడదు. విప్పక తప్పకపోతే మెకానిక్‌కు ఇవ్వు. వారంటీ ఉందో లేదో ముందు చూసుకో, సాకెట్ విడి ముక్కగా మారుతుందా లేక బోర్డుకే టంకం వేసి ఉందా అని అడిగి, ఆ తరువాతే ధర మాట్లాడు. అప్పటిదాకా బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌తో పాఠాలు విను.

లేదా ఆదివారం పొద్దున బస్సుకు వచ్చేయి. నా భూతద్దం, సన్న పట్టకారు తుడిచి బల్ల మీద పెట్టాను. నా చేయి ఈమధ్య వణుకుతోంది, అందుకని టార్చి నేను పట్టుకుంటాను, ముక్క నువ్వే తీద్దువు గాని.

ఇట్లు,
మీ తాతయ్య