‘గుండె ఆగిపోయింది’ అన్నది కారణం కాదు సిస్టర్

మీ బస్తీలో పోయిన ఇద్దరు బిడ్డల కాగితాల్లోనూ ‘గుండె ఆగిపోయింది’ అనే ఉంది, ఇంట్లోవాళ్లు నోరు విప్పట్లేదు, శిశు మరణ సమీక్ష ఫారంలో కారణం ఏం రాయాలి అని అడిగారు. చివరికి ఎవరి గుండె అయినా ఆగేదే. అది కారణం కాదు.

కడుపులోనే పోయిన బిడ్డ విషయంలో, పుట్టినప్పుడు చర్మం ఎలా ఉందో కాన్పు చేసిన నర్సుని అడగండి. ఊడి, మెత్తబడి ఉంటే నొప్పులకు ముందే పోయినట్టు. అప్పుడు తల్లి బీపీ, షుగర్, బిడ్డ ఎదుగుదల చూడాలి. చర్మం మామూలుగా ఉంటే కాన్పు సమయంలోనే పోయి ఉండొచ్చు. అప్పుడు కేస్ షీట్‌లో బిడ్డ గుండె చప్పుడు ఎన్నిసార్లు నమోదు చేశారో వెతకండి.

పుట్టాక పోయిన బిడ్డకైతే బరువెంత, ఎన్నో నెలలో పుట్టింది, పుట్టగానే ఏడ్చిందా, పాలు ఎప్పుడు మానేసింది అని అడగండి. ఆపైన గంటల లెక్క: ఎప్పుడు గమనించారు, ఎప్పుడు బయల్దేరారు, ఆస్పత్రిలో ఎంతసేపటికి చూశారు. ఆటో దొరక్క పోయిన టైమ్ ఏ రిపోర్టులోనూ ఉండదు!

అత్తగారు పక్కనుంటే కోడలు మాట్లాడదు. ఆశా వర్కర్‌ను వెంట తీసుకెళ్లి, పెద్దావిడను ఆమెకు అప్పజెప్పండి. ‘ఎవరి తప్పో వెతకడానికి రాలేదమ్మా’ అని ముందే చెప్పండి. కేంద్రం 2014లో ఇచ్చిన శిశు మరణ సమీక్ష మార్గదర్శకాల ఉద్దేశం కూడా అదే. కాన్పు పుట్టింట్లో జరిగి ఉంటే అక్కడి ఏఎన్‌ఎంకి (ఊరి ఆరోగ్య కార్యకర్తకి) ఫోన్ చేయండి, లేదంటే ఆ మరణం రెండు చోట్లా నమోదు కాకుండా పోతుంది.