వేలం ప్రతి బుధవారం ఉంటుంది, మీ డబ్బు ప్రతి బుధవారం తిరిగి రాదు

ప్రశ్న: మాది కాశీబుగ్గ. చిన్న జీడిపప్పు యూనిట్ నడుపుతున్నాను. ఎనిమిది మంది ఆడవాళ్లు పనిచేస్తారు, కూలి నెలకు 60 వేల దాకా అవుతుంది. ఇంటి ఖర్చు 40 వేలు. ఇంట్లో నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, 66 ఏళ్ల అమ్మ ఉంటాం. అమ్మకు బీపీ ఉంది. సేవింగ్స్ ఖాతాలో 3 లక్షలు, డిసెంబరులో గడువు తీరే డిపాజిట్లు 6 లక్షలు ఉన్నాయి. ఈ 9 లక్షలూ 364 రోజుల ట్రెజరీ బిల్లుల్లో పెట్టేద్దామనుకుంటున్నాను. ప్రతి బుధవారం వేలం ఉంటుంది కాబట్టి ఏ వారం అవసరమైతే ఆ వారం అమ్ముకోవచ్చని మా బావమరిది అన్నాడు. ఇంట్లో బంగారం మీద ముప్పావలా వడ్డీకి 4 లక్షలు ఇస్తామంటున్నారు. అది కూడా కలిపి వేలంలో మంచి రేటుకు పాడితే మిగులుతుందా? జీడి పిక్కల కొనుగోలు మార్చిలో మొదలవుతుంది.

జవాబు: ముందు బంగారం సంగతి తేల్చేద్దాం. దాన్ని బీరువాలోంచి తీయకండి. ముప్పావలా వడ్డీ అంటే ఏడాదికి 9 శాతం. 4 లక్షలకు నెలకు 3 వేలు, ఏడాదికి 36 వేలు. ట్రెజరీ బిల్లు అంటే ప్రభుత్వం కొద్దికాలానికి అప్పు తీసుకుని ఇచ్చే పత్రం, తక్కువ ధరకు కొంటాం, గడువు రోజున పూర్తి విలువ వస్తుంది. 364 రోజుల బిల్లు నూరు రూపాయలది 94 రూపాయల 80 పైసలకు దొరికిందనుకుందాం. 10 వేల బిల్లుకు 9,480 కడతారు, ఏడాదికి 10 వేలు వస్తుంది. మీ 4 లక్షలకు అలాంటివి 42 బిల్లులు వస్తాయి, లాభం 21,840 రూపాయలు. ఇది దాదాపు ఐదున్నర శాతం, మన లెక్కలో నెలకు నూటికి 46 పైసలు. 75 పైసలకు తెచ్చి 46 పైసలకు ఇస్తే ఏమవుతుందో పిక్కల వ్యాపారం చేసే మీకు నేను చెప్పాలా? 14 వేల పైచిలుకు చేతి నుంచి పోతుంది. ఆ లాభం మీద మీ శ్లాబు ప్రకారం పన్ను వేరే. పెట్టుబడి ఎంత భద్రమైనదైనా అప్పు తెచ్చి పెడితే ఆ భద్రత మీకు ఉండదు, అప్పిచ్చినవాడికి ఉంటుంది. ఈ మధ్య ఇలాంటి ఉత్తరాలు ఎక్కువయ్యాయి. "ప్రభుత్వానిది కదా, నష్టం ఉండదు" అనే ఒక్క మాట పట్టుకుని పుస్తెలతాడు కుదువ పెట్టడానికి సిద్ధపడుతున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

ఇక మీ బావమరిది మాట. మీ ప్రశ్నకు ఇంత వివరంగా జవాబు రాస్తున్నది దీనికోసమే. ప్రతి బుధవారం వేలం ఉంటుందన్నది నిజమే. అయితే ఆ వేలంలో అమ్మేది ప్రభుత్వం. దాని తరఫున రిజర్వు బ్యాంకు వేలం నడుపుతుంది. అక్కడ కొత్త బిల్లులు అమ్ముతారు, మీ దగ్గరున్న పాత బిల్లు తిరిగి కొనరు. 364 రోజుల బిల్లు కొన్నారంటే సరిగ్గా 52 వారాలు ఆగాలి. మధ్యలో కావాలంటే సెకండరీ మార్కెట్లో, అంటే ఒకరి దగ్గరున్న బిల్లును ఇంకొకరు కొనుక్కునే చోట, అమ్మకానికి పెట్టుకోవచ్చు. కానీ అక్కడ కోట్లలో బేరాలు చేసేవాళ్ల మధ్య మీ రెండు మూడు లక్షల ముక్కకు కొనేవాడు దొరకాలి, అతను చెప్పిన ధరకు మీరు ఒప్పుకోవాలి. ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడి చేసే బేరం కాదది.

వేలంలో "మంచి రేటుకు పాడటం" కూడా మీ చేతిలో లేదు. చిట్టీ పాటతో పోలిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చిట్టీలో డబ్బు అవసరమైన మనిషి పాట పాడి కొంత వదులుకుని మిగతాది పట్టుకుపోతాడు. ఇక్కడ ఆ అవసరమైన మనిషి ప్రభుత్వం. ఎవరు తక్కువ కోతతో డబ్బిస్తారో, అంటే బిల్లుకు ఎక్కువ ధర ఇస్తారో, ముందు వాళ్లకు అమ్ముకుంటూ వస్తుంది. ధర రాసి పాడేది బ్యాంకులు, ప్రైమరీ డీలర్లు (ప్రభుత్వ బాండ్ల వ్యాపారానికి రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న సంస్థలు), మ్యూచువల్ ఫండ్లు, బీమా కంపెనీలు. లెక్క కోసం 100 కోట్ల వేలం అనుకోండి. ఒక బ్యాంకు 40 కోట్లకు 94.85 రాసింది, ఇంకొకటి 40 కోట్లకు 94.80, మూడోది 40 కోట్లకు 94.70. మొదటి ఇద్దరికీ అడిగినంతా వస్తుంది, మూడోదానికి మిగిలిన 20 కోట్లే. గీత 94.70 దగ్గర పడింది, అంతకంటే తక్కువ రాసినవాళ్లకు ఏమీ దక్కదు. ఎవరు రాసిన ధర వాళ్లు కడతారు. మనలాంటి చిన్నవాళ్లం ధరే రాయం, ఎన్ని వేలకు కావాలో చెప్పి ఊరుకుంటాం. పెద్దవాళ్లకు దక్కిన ధరల సగటు, ఎవరికి ఎంత దక్కిందో దాన్ని బట్టి కట్టిన సగటు, మనకు పడుతుంది. పై లెక్కలో అది 94.80. ఇది మంచి ఏర్పాటు. ఏమీ తెలియకుండా తప్పు ధర రాసి మునిగిపోయే ప్రమాదం మనకు ఉండదు. మన తెలివితో ఎక్కువ లాగే వీలూ ఉండదు. ఎనిమిది శాతం, తొమ్మిది శాతం అని ఎవరైనా ఆశపెడితే వాళ్లకు ఈ వేలం తెలియదని అర్థం.

ఇప్పుడు నేను నొక్కి చెప్పాలనుకున్న మాట. 9 లక్షల్లో ఒక్క రూపాయి కూడా అత్యవసరానికని మీరు విడిగా పెట్టలేదు. ఉత్తరం రెండుసార్లు చదివాను, ఆ మాటే లేదు. ఆరోగ్య బీమా మాట కూడా లేదు.

మీ ప్రాంతానికి ఇది ఇంకెవరో గుర్తుచేయాల్సిన పని లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మీ పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, రోజుల తరబడి కరెంటు లేదు. అప్పట్లో నా దగ్గర సలహా తీసుకునే ఒకాయనకు మీలాగే చిన్న యూనిట్ ఉండేది. షెడ్డు మీద రేకులు ఎగిరిపోయాయి, గోదాములో బస్తాలు తడిశాయి. ఆయన పేరు మీద 7 లక్షల పెట్టుబడులున్నాయి, అన్నీ భద్రమైనవే, ఒక్కటీ ఆ నెలలో చేతికి వచ్చేది కాదు. రేకులకూ కూలీలకూ 2 లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. నోటు రాసిచ్చిన రోజు ఫోన్ చేసి, "డబ్బుండీ అప్పు చేశానండీ" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. మీకు ఆ పరిస్థితి రాకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాబట్టి సేవింగ్స్‌లో ఉన్న 3 లక్షలు కదపకండి. ఆరు నెలల ఇంటి ఖర్చు 2 లక్షల 40 వేలు, ఒక నెల కూలి 60 వేలు, లెక్క సరిగ్గా సరిపోయింది. కావాలంటే అందులో సగం అదే బ్యాంకులో ఎప్పుడైనా విరిచుకునే డిపాజిట్‌గా మార్చుకోండి. అంతకు మించి దీనికి తెలివితేటలు వద్దు. పది పదిహేను వేలు ఇంట్లో నోట్లుగా ఉండనివ్వండి, తుఫాను వచ్చి కరెంటు పోతే ఏటీఎంలు, ఫోన్లు పనిచేయవు.

ఈ డబ్బును బిల్లుల్లో పెట్టకపోతే ఎంత నష్టమో కూడా చూద్దాం. 3 లక్షల మీద సేవింగ్స్ వడ్డీ రెండున్నర శాతం, బిల్లు మీద ఐదున్నర. తేడా ఏడాదికి 9 వేలు. అదే డబ్బు అందక 2 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 4 వేలు. మూడు నెలలు తిరక్కుండానే ఆ తొమ్మిది వేలు కరిగిపోతాయి.

తర్వాత ఆరోగ్య బీమా. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుదేలు చేసిందో మీరు నాకంటే దగ్గరగా చూసి ఉంటారు. 2023 డిసెంబరులో పలాసలోనే కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి, అది పెద్ద ఊరట. రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవకు మీరు అర్హులైతే అదీ వాడుకోండి. అయినా విశాఖ తీసుకెళ్లాల్సి వచ్చినప్పుడు కోరుకున్న ఆసుపత్రిలో చేర్పించడానికి సొంత పాలసీ కావాలి. మీ నలుగురికీ కలిపి 10 లక్షల ఫ్లోటర్ (ఒకే మొత్తాన్ని ఇంట్లో ఎవరైనా వాడుకోగలిగే పాలసీ) తీసుకోండి, అమ్మగారికి విడిగా ఇంకొకటి. ఆమెను మీ పాలసీలో కలిపితే ఆమె వయసును బట్టి మీ అందరి ప్రీమియం పెరుగుతుంది. ఆమెకు బీపీ ఉన్న సంగతి దరఖాస్తులో దాచకండి. "రాస్తే ఇవ్వరు, వదిలేయండి" అని ఏజెంటు అంటే ఆ ఏజెంటునే వదిలేయండి. ముందునుంచీ ఉన్న జబ్బుకు ఆగాల్సిన కాలం ఇప్పుడు మూడేళ్లకు మించకూడదన్న నిబంధన ఉంది. దాచి తీసుకుంటే క్లెయిము రోజున మొత్తం పోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు, వాయిదా వేయడానికి ఆ సాకు కూడా లేదు. డిసెంబరులో డిపాజిట్ల డబ్బు రాగానే మొదటి ఖర్చు ఇదే కావాలి, 60 వేలు పక్కన పెట్టండి. అసలైతే డిసెంబరు దాకా ఆగకుండా ఈ నెలే తీసుకుంటే మరీ మంచిది. కొత్త పాలసీలో జబ్బులకు మొదటి 30 రోజులు ఎలాగూ వర్తించదు, ఆ గడువు ఎంత త్వరగా మొదలైతే అంత త్వరగా తీరుతుంది.

యూనిట్‌కు, సరుకుకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ ఉంది, తుఫాను, వరద, అగ్ని ప్రమాదం అందులో వస్తాయి. మీ పేరు మీద టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బొచ్చే జీవిత బీమా, లేకపోతే అదీ తీసుకోండి.

ఇవన్నీ పోగా ట్రెజరీ బిల్లు మీకు పనికొచ్చే చోటు ఒకటుంది. మీ డిపాజిట్ల డబ్బు డిసెంబరు రెండో వారంలో చేతికొస్తుందనుకుందాం, అది మార్చిలో పిక్కలకు కావాలి. మధ్యలో 13 వారాలు. 91 రోజుల బిల్లు అంటే సరిగ్గా 13 వారాలే. 4 లక్షల విలువైన బిల్లులు కొనండి. ధర 98.65 పడితే 3,94,600 కడతారు, మార్చిలో 4 లక్షలు మీ బ్యాంకు ఖాతాలో పడతాయి. లాభం 5,400. సేవింగ్స్‌లో ఉంచితే 2,460 వచ్చేది. అంటే మీరు ఇంతగా ఆలోచిస్తున్న ఈ పని వల్ల అదనంగా వచ్చేది 2,900 రూపాయల పైచిలుకు. మంచిదే, తీసుకోండి. దానికోసం ఇల్లంతా తాకట్టు పెట్టే పని లేదని చెప్పడానికే ఈ లెక్క. 364 రోజులవి కొంటే డబ్బు మళ్లీ డిసెంబరుకే వస్తుంది. మార్చిలో తోటల దగ్గర పిక్కల బేరం జోరుగా సాగుతుంటే మీరు షావుకారు దగ్గర చేయి చాపాలి. 182 రోజులవైనా జూన్ దాకా రావు, అప్పటికి మంచి సరుకు అమ్ముడైపోతుంది. మిగిలిన లక్షా 45 వేల చిల్లర డిసెంబరు నుంచి మూడు నెలల బ్యాంకు డిపాజిట్‌లో ఉండనివ్వండి. లిక్విడ్ ఫండ్ (కొద్దికాలపు అప్పు పత్రాల్లో పెట్టే మ్యూచువల్ ఫండ్) అయినా ఫర్వాలేదు. ఇప్పుడున్న డిపాజిట్లను మాత్రం గడువుకు ముందే విరిచి వడ్డీ కోత వేయించుకోకండి.

ఖాతా రిజర్వు బ్యాంకు రిటైల్ డైరెక్ట్ పోర్టల్‌లో తెరుచుకోండి, 2021 నవంబరు నుంచి ఉంది, రుసుము లేదు. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా, మొబైల్ నంబరు, ఈమెయిల్ ఉంటే చాలు. మధ్యలో ఎవరికీ కమీషన్ ఇవ్వక్కర్లేదు. కనీసం 10 వేలు, ఆపైన 10 వేల చొప్పున. వేలానికి ముందే ఆర్డరు పెట్టి డబ్బు కట్టాలి, మామూలుగా బుధవారం వేలం, గురువారం బిల్లులు ఖాతాలో చేరతాయి. ఒక జాగ్రత్త. 2025 ఆగస్టులో ఈ పోర్టల్లో ఆటో బిడ్డింగ్, అంటే ప్రతిసారీ మనం పెట్టకుండానే ఆర్డరు దానంతట అదే వెళ్లే ఏర్పాటు, ప్రకటించారు, గడువు తీరిన డబ్బును దానంతట అదే మళ్లీ కొత్త బిల్లులో పెట్టే ఏర్పాటు కూడా అందులో ఉంది. నెల జీతం వచ్చేవాళ్లకు బాగుంటుంది. మీరు ఆ మళ్లీ పెట్టే ఏర్పాటు ఎంచుకుంటే మార్చిలో రావాల్సిన పిక్కల డబ్బు జూన్‌కు వెళ్లిపోతుంది. ఎంచుకోకండి.

నామినీగా మీ ఆవిడ పేరు పెట్టండి, ఆమెకు ఆ సంగతి చెప్పండి. అమ్మగారికి ఏ మందులు నడుస్తున్నాయో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించారో రాసి పంపండి. ఆమెకు ఏ తరహా పాలసీ నప్పుతుందో అది చూసి చెబుతాను.