తమ్ముడికి తోడు ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. నాకు పెళ్లయింది. మా తమ్ముడికి 20 ఏళ్లు, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు తాను గే అని నాకొక్కదానికే చెప్పాడు. నేను ఏడ్చానే గానీ వాణ్ని ఒక్క మాట అనలేదు. నాన్నకు తెలిస్తే ఇంట్లోంచి వెళ్లగొడతాడని వాడి భయం. పోయిన వారం అర్ధరాత్రి "నేను లేకపోతే మీ అందరికీ ప్రశాంతంగా ఉంటుంది అక్కా" అని మెసేజ్ పెట్టాడు. తెల్లారి అడిగితే ఊరికే అన్నానన్నాడు. ఇలాంటి వాళ్లకు సాయం చేసే సంఘాలు హైదరాబాద్‌లో ఉన్నాయని విన్నాను. వాళ్లను ఎలా కలవాలి? నమ్మవచ్చా? మా ఆయనకు కూడా తెలియకుండా ఇదంతా చేయగలనా?
– ఒక అక్క, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, మీరు సంఘాల గురించి అడిగారు. వాటి గురించి తప్పకుండా చెబుతాను. కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ అర్ధరాత్రి మెసేజ్. తెల్లారాక అతను దాన్ని కొట్టిపారేసినా మీరు కొట్టిపారేయకండి. ఆపదలో ఆదుకునేవాళ్లు వేరు, కలకాలం తోడుండేవాళ్లు వేరు. మీ తమ్ముడికి ఇద్దరూ కావాలి, అయితే మొదటివాళ్లు ఈరోజే కావాలి.

ఈ పుస్తకం పక్కన పెట్టి ముందు తమ్ముడికి ఫోను చేయండి. తిన్నావా, పరీక్షలెప్పుడు అన్న మాటల తర్వాత డొంకతిరుగుడు లేకుండా అడగండి: "ఆరోజు నువ్వు పెట్టిన మెసేజ్ నా మనసులోంచి పోవడం లేదురా. చచ్చిపోవాలని అనిపిస్తోందా?" ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మన ఇళ్లలో చాలామంది భయపడతారు. అది నిజం కాదు. నేరుగా అడిగినప్పుడే మనిషి గుండెలోని బరువు కొంత దించుకోగలుగుతాడు. అవునంటే ఎంతకాలంగా అనిపిస్తోంది, ఎలా చేయాలన్నది కూడా ఆలోచించుకున్నాడా, ఇప్పుడు గదిలో ఒంటరిగా ఉన్నాడా అన్నవి నెమ్మదిగా తెలుసుకోండి. ఆలోచించుకున్నానని చెబితే అతణ్ని ఒంటరిగా ఉంచకూడదు. మీరు బయలుదేరి చేరేలోగా గదిలో స్నేహితుడో, వార్డెనో పక్కన ఉండేలా చూడండి, హాని కలిగించే వస్తువులేవీ అతనికి అందకుండా చూడమనండి. వాళ్లకు "మావాడు చాలా బాధలో ఉన్నాడు, వదిలి వెళ్లకండి" అన్నంతవరకే చెప్పండి. బాధకు కారణం ఏమిటన్నది చెప్పవలసినవాడు అతనే.

ప్రాణాపాయం ఆ క్షణంలోనే ఉందనిపిస్తే 108 లేదా 112. అంత దాకా రాకపోతే 14416. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు. పగలూ రాత్రీ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. మీ తమ్ముడే చేయనక్కర లేదు, మీరూ చేయవచ్చు. ఈ విషయం చాలామందికి తెలియదు. ఇంటివాళ్లు ఏం చేయాలో తోచక చేసే ఫోన్లను కూడా వాళ్లు తీసుకుంటారు. కౌన్సెలర్ లైనులోకి వచ్చాక కథ మొదటినుంచీ చెప్పాలని తడబడకండి. "నా తమ్ముడికి 20 ఏళ్లు, హైదరాబాద్ హాస్టల్లో ఉన్నాడు, వారం కిందట తాను లేకపోతే మంచిదని మెసేజ్ పెట్టాడు, తాను గే అన్న సంగతి ఇంట్లో తెలుస్తుందని భయపడుతున్నాడు, నేనేం చేయాలి?" ఈ ఒక్క వాక్యం కాగితం మీద రాసుకుని చదివినా చాలు. అవసరమనుకుంటే వాళ్లు సైకియాట్రిస్టుకు కలుపుతారు, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లే దారి చెబుతారు. లైను కలవకపోయినా, ఎత్తినవారి మాటతీరు మీకు నచ్చకపోయినా అక్కడితో ఆగిపోకుండా మళ్లీ చేయండి. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ నడిపే ఐకాల్ అనే సేవ కూడా ఉంది. లైంగికత, జెండర్ విషయాలపై మాట్లాడడానికి శిక్షణ పొందిన కౌన్సెలర్లు అక్కడ ఉంటారు. అయితే అది రాత్రంతా పనిచేసే నంబరు కాదు కాబట్టి అర్ధరాత్రి అవసరానికి దానిమీద ఆధారపడకండి.

పోలీసు కేసు అవుతుందేమోనన్న బెంగతో ఆసుపత్రికి వెళ్లని కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి, శిక్షించకూడదు. ఆ చట్టమే లైంగికత కారణంగా వివక్ష లేకుండా వైద్యం పొందే హక్కునూ, తన వివరాలు గోప్యంగా ఉంచమని కోరే హక్కునూ ఇచ్చింది. 20 ఏళ్ల కుర్రవాడు డాక్టరుకు చెప్పుకున్నది తండ్రికి చేరవేయకూడదని డాక్టరును గట్టిగా అడగవచ్చు.

ఇక సంఘాల మాట. హైదరాబాద్‌లో మొదటి క్వీర్ (గే, లెస్బియన్, ట్రాన్స్ వంటివారందరినీ కలిపి పిలిచే మాట) స్వాభిమాన యాత్ర 2013 ఫిబ్రవరిలో జరిగింది. మొబ్బెరా ఫౌండేషన్, వజూద్ సొసైటీ వంటి బృందాలు ఇక్కడివారు తమకోసం తాము కట్టుకున్నవి. ట్రాన్స్‌జెండర్, హిజ్రా సమాజం కూడా తమ సమితిగా ఏర్పడి పోరాడింది. హిజ్రాలను నేరస్తుల్లా చూసే నిజాం కాలంనాటి చట్టాన్ని 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టివేసిందంటే ఆ సమాజంలోని మనుషులే కోర్టుకెక్కి ఏళ్ల తరబడి నిలబడ్డారు కాబట్టి. బెంగళూరులో గుడ్ యాజ్ యూ అనే బృందం 1994 నుంచి నడుస్తోంది, చెన్నైలో సహోదరన్ ఉంది. చెన్నైలోనే ఉన్న ఓరినం తన వెబ్‌సైటులో హెల్ప్‌లైన్ల వివరాలూ, స్నేహపూర్వకంగా ఉండే మానసిక నిపుణుల వివరాలూ పెడుతుంది. మీ తమ్ముడు ఫోనులోనే చూసుకోగలడు.

ఈ బృందాల్లో చాలావరకు డాక్టర్లు ఉండరు, రాత్రి రెండింటికి ఫోనెత్తే మనిషీ ఉండకపోవచ్చు. వాళ్లిచ్చేది వేరు. "నేనొక్కణ్నే ఇలా పుట్టాను" అని నాలుగేళ్లుగా అనుకుంటున్న కుర్రవాడు ఒక గదిలోకి వెళ్లి, తనలాగే భయపడి, తర్వాత ఉద్యోగం చేసుకుంటూ బతుకుతున్న మనుషులను పదిమందిని చూడడం ఎంత పెద్ద సంగతో మనం ఊహించలేం. ఆ ధైర్యాన్ని ఏ మందుబిళ్లా ఇవ్వలేదు. ఇల్లు వదిలి రావలసివస్తే ఎక్కడ తలదాచుకోవాలి, ఏ డాక్టరు పాఠాలు చెప్పకుండా వైద్యం చేస్తారు, ఏ లాయరు ఈ కేసులు తీసుకుంటారు అన్న సమాచారం కూడా వాళ్లదగ్గరే దొరుకుతుంది. లాయరు అవసరం పడితే జిల్లా న్యాయసేవాధికార సంస్థ కూడా ఉంది, న్యాయ సహాయానికి జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 15100.

నమ్మవచ్చా అని అడిగారు. పేరు చూసి నమ్మకండి, కనుక్కుని నమ్మండి. ఈ సంస్థలు చాలావరకు విరాళాలమీద, గ్రాంట్లమీద నడుస్తాయి. నిధులు ఆగితే తలుపులు మూతపడతాయి. 2021లో హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం తెరిచిన మిత్ర్ క్లినిక్ అమెరికా సాయం నిలిచిపోవడంతో 2025 జనవరిలో మూతపడింది. దానిమీదే ఆధారపడినవాళ్లు ఉన్నట్టుండి రోడ్డున పడ్డట్టయింది. కాబట్టి వెళ్లే ముందు వాళ్ల సోషల్ మీడియా పేజీలో ఈమధ్య ఏం జరిగిందో చూసి, మెసేజ్ పెట్టి, జవాబు వచ్చాకే బయలుదేరాలి. మంచి బృందం మొదటి పలకరింపులోనే ఇంటిపేరు, కాలేజీ, ఆధార్ అడగదు, ఫొటోలు తీయదు, డబ్బు అడగదు. అసలు పేరు చెప్పాలనే లేదు. మూల కుర్చీలో కూర్చుని ఒక్క మాటా మాట్లాడకుండా వచ్చేసినా ఎవరూ ఏమీ అనుకోరు. డేటింగ్ యాప్‌లలో పరిచయమైనవాళ్లను సంఘం మనుషులనుకోవద్దని కూడా చెప్పండి. ఒంటరిగా ఏ ఫ్లాటుకో రప్పించి, ఇంట్లో చెప్తామని బెదిరించి డబ్బు గుంజే ముఠాలు మన నగరాల్లో ఉన్నాయి. అలాంటిది జరిగితే సిగ్గుపడి డబ్బు కట్టేయకుండా మీకు చెప్పమనండి. పెద్దవాళ్లిద్దరు ఇష్టపడి కలిసి ఉండడం 2018 సెప్టెంబరు 6 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో నేరం కాదు. బెదిరించినవాడే నేరస్తుడు.

మీవారికి చెప్పాలా వద్దా అన్నది మీరూ నేనూ తేల్చేది కాదు, మీ తమ్ముణ్ని అడిగి తేల్చవలసింది. ఒకే ఒక్క మినహాయింపు ఉంది. ప్రాణంమీదికి వచ్చి, మీరు ఒంటరిగా హైదరాబాద్ చేరలేని పరిస్థితిలో ఉంటే "తమ్ముడికి ఒంట్లో బాగోలేదు, వెంటనే వెళ్లాలి" అని చెప్పి బయలుదేరండి. అది అబద్ధం కాదు. మీరూ ఈ బరువు ఒక్కరే మోయనక్కర లేదు. 14416కి మీకోసం కూడా ఫోను చేసుకోవచ్చు.

ప్రశ్న: మా అమ్మాయికి 23 ఏళ్లు. పెళ్లి సంబంధాలు చూస్తుంటే తనకు ఆడపిల్లల మీదే ఇష్టమని చెప్పింది. దీన్ని మందులతో మార్చే డాక్టరు ఉన్నారని మా బావమరిది అంటున్నాడు. అమ్మాయి రాననీ, బలవంతపెడితే బతకననీ అంటోంది. తండ్రిగా నేనేం చేయాలి?
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లకండి. స్వలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితానుంచి తీసేసింది. భారత సైకియాట్రిస్టుల సంఘం కూడా 2018లో ఇది వ్యాధి కాదని స్పష్టంగా ప్రకటించింది. 2021లో మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఆదేశాల తర్వాత, ఇలా "మార్చే" చికిత్స చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్రాల వైద్య మండళ్లకు తెలిపింది. జబ్బే లేనిచోట మందెలా పనిచేస్తుంది? పనిచేసేది భయమొక్కటే. అది పిల్లను మార్చదు, మీనుంచి దూరం చేస్తుంది.

"బతకను" అన్న మాటను బెదిరింపుగా తీసుకోకండి. ఈరోజే సంబంధాలు చూడడం ఆపేశానని ఆమెకు మీ నోటితో చెప్పండి, మీ బావమరిదికి ఆమె ఎదుటే చెప్పండి. ఆమె నిద్ర, తిండి ఎలా ఉన్నాయో గమనించండి. ఆమె సరేనంటే దిగులుకు, నిద్రలేమికి డాక్టరును చూపించండి. అది న్యాయమైన వైద్యం. వెళ్లే ముందు మీరే ఫోనులో "ఆడపిల్లల మీద ఇష్టం ఉండడాన్ని మీరు జబ్బుగా చూస్తారా?" అని అడగండి. జవాబులో తటపటాయింపు కనిపిస్తే మరొకరిని వెతకండి. మారివాలా హెల్త్ ఇనిషియేటివ్ వద్ద ఈ విషయంలో ప్రత్యేక శిక్షణ పొందిన కౌన్సెలర్లు దేశమంతటా ఉన్నారు, చాలామంది వీడియోలో మాట్లాడతారు. మీకోసం స్వీకార్ ఉంది. అది 2017లో ఇలాంటి పిల్లల తల్లిదండ్రులే ఏర్పరచుకున్న బృందం. మీరు ఎవరికీ చెప్పుకోలేక లోపల కుమిలిపోతున్నది అక్కడ ఇంకొక తండ్రికి చెప్పుకోవచ్చు.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఎంఎస్ చదువుతున్నాను. ట్రాన్స్ యువతిని. ఇక్కడి తెలుగువాళ్లకు తెలిస్తే కబురు మా ఊరు చేరుతుంది. ఎవరితో మాట్లాడాలి?
– పేరు రాయలేదు

జవాబు: ఆపద సమయంలో అమెరికాలోని సహాయ లైను 988. పగలూ రాత్రీ పనిచేస్తుంది, మెసేజ్ కూడా పెట్టవచ్చు. అందులో 3 నొక్కితే ఎల్‌జీబీటీక్యూ (గే, లెస్బియన్, ట్రాన్స్ వంటి) యువత కోసం వేరుగా ఉన్న సేవ 2025 జూలై 17న ఆగిపోయింది కాబట్టి పాత సలహాలు చదివి అయోమయపడకండి. మామూలు లైను మాత్రం అందరికీ ఉంది. మీకు 25 ఏళ్లు నిండకపోతే ట్రెవర్ ప్రాజెక్ట్ అనే సంస్థ ప్రత్యేకంగా మీలాంటివాళ్ల కోసమే. మీ విశ్వవిద్యాలయంలోని కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్లినప్పుడు, ఏ విషయం ఎవరికి చెబుతారన్నది మొదటి పదినిమిషాల్లోనే అడిగి తెలుసుకోండి. మన ప్రాంతపు ఇళ్ల సంగతి తెలిసిన మనుషులే కావాలనిపిస్తే దక్షిణాసియా కుటుంబాల కోసం పనిచేసే దేశీ రెయిన్‌బో పేరెంట్స్ అండ్ అలైస్ ఉంది. అక్కడ తెలిసినవాళ్లు ఎదురవుతారేమోనని భయంగా ఉంటే ఆ మాటే ముందుగా రాసి పంపండి. కెమెరా ఆపేసి, మీకు నచ్చిన పేరుతో కూర్చోవచ్చా అని అడగండి.